పుప్పొడి కోసం పన్నెండు వందల కిలోమీటర్లు

కదిరి నుంచి అనంతపురానికి ఎంత దూరమో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా ఎక్కువ భాగం ఆ దారిలోనే తిరిగాను. ముదిగుబ్బ ఎప్పుడొస్తుంది, బత్తలపల్లిలో టీకి ఎంతసేపు ఆపాలి, ఏ స్టేజీలో ఎవరు చిల్లర లేదంటారు, అన్నీ నోటికి వచ్చు. మొత్తం రెండున్నర గంటలు. ఈ ఫిబ్రవరిలో దాదాపు అంతే సేపట్లో నేను బెంగళూరు నుంచి అహ్మదాబాదుకు పోయి దిగాను. రోడ్డు మీదైతే పదిహేను వందల కిలోమీటర్లు, గాల్లో పన్నెండు వందల చిల్లర.

విమానమెక్కానని గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. మా పక్కింటి పిల్లకాయలు కూడా ఎక్కి దిగుతున్నారు. ఎందుకు ఎక్కాల్సి వచ్చిందో అది చెప్పాలి. అందులో నా తప్పు ఉంది కాబట్టి నేనే చెప్పాలి.

మా అక్క ఓబులమ్మకు నల్లమాడ దగ్గర మూడెకరాల చేను ఉంది. పెళ్ళిలో మా నాయన పసుపు కుంకుమ కింద రాసిచ్చిన నేల. ఆమె జీవితమంతా అందులో వేరుశెనగ, మా మాటలో చెనిక్కాయ, వేసి వాన కోసం చూసింది. నేను రిటైరయ్యాక ఊరుకోకుండా ఆమెకు ఖర్జూరం మీద ఆశ పుట్టించాను. ఎండకు భయపడదు, ఉప్పు నీళ్ళయినా తాగుతుంది, ఒకసారి నిలిచిందంటే మనవల కాలం దాకా కాస్తుంది అని నెల రోజులు చెవిలో పోరాను. నూట పది ఆడ మొక్కలు, కంచె వారన ఆరు పోతుచెట్లు నాటాం. ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. పోతుచెట్టు పుప్పొడిని మనిషే తెచ్చి ఆడ చెట్టు పూగెలలో పెట్టాలి. గాలిని నమ్ముకుంటే కాపు నిలవదు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. ఉన్న నీళ్ళు అన్నిటికీ చాలవు. ఒక పొద్దున నేను పోయి ఆ ఆరు పోతుచెట్ల డ్రిప్పు వాల్వు కట్టేశాను. కాయ కాయని చెట్టుకు నీళ్ళెందుకు అనిపించింది. మా సీమలో బిందెలు మోసి పెరిగినవాడికి అట్లా అనిపించడం వింత కాదు. కానీ అక్కకు చెప్పకుండా కట్టేశాను. మట్టలు ఎండిపోయి ఆమె అడిగితే వేరుకుళ్ళు వచ్చిందన్నాను. పోయినేడు పూత కొంచెమే కాబట్టి మాకు మొక్కలమ్మిన నర్సరీ ఆయన ఇచ్చిన చిటికెడు పొడితో పని గడిచింది.

ఈ ఏడు చెట్లన్నీ ఒక్కసారిగా పొటమరించాయి. అదే సమయానికి సోలారు పలకల వాళ్ళు మా చుట్టూ ఉన్న చేలను కౌలుకు మాట్లాడుతున్నారు. అక్క వాళ్ళిచ్చిన కాగితాన్ని బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. "ఈ కాపు చూస్తా నర్సింహా. నిలిచిందా సరే. లేదంటే ఉగాదికి సంతకం పెడతా. ఇంగ నా చేత గాదు," అంది. కోపంగా అని ఉంటే నేను జవాబు చెప్పేవాణ్ణి. అలసిపోయి అంది. అందుకు భయమేసింది.

సోమవారం మొదటి పూగెలను కప్పి ఉంచే దొప్ప పగిలింది. పగిలిన మూడు నాలుగు రోజుల్లో పుప్పొడి పడాలి. నర్సరీ ఆయన దగ్గర ఈసారి పొడి లేదు. దగ్గర్లో ఖర్జూరం వేసిన ఇద్దరి పోతుచెట్లు ఇంకా దొప్ప విప్పలేదు. గుజరాత్‌లో కచ్ దిక్కున, ముంద్రా దగ్గర కాంజీభాయి అని ఒకాయన ఉన్నాడు, ఆయన పోతుచెట్టు అన్నిటికంటే ముందు పూస్తుంది అని నర్సరీ ఆయన ఫోను నంబరిచ్చాడు. ఫోను చేస్తే, పార్శిల్లో పంపితే ఎండకు ఉడికిపోయి పనికి రాదు, మనిషి రావాలి అన్నాడు కాంజీభాయి. రైల్లో రెండు రాత్రులు పోను, రెండు రాత్రులు రాను. అంతలో మా పూత అయిపోతుంది. విమానానికి ఎంతసేపని అక్క అడిగింది. అనంతపురం పోయినంత సేపే అన్నాను. ఆమె నమ్మలేదు.

దేవనహళ్ళి

బుధవారం పొద్దున బెంగళూరు విమానాశ్రయంలో నా సంచి యంత్రంలోకి పోయి బయటికొచ్చింది. అక్కడి అబ్బాయి అందులోంచి నా నీళ్ళ బాటిల్ తీసి, ఇది లోపలికి పోదు, పారబోయండి అని పక్కనున్న తొట్టి చూపించాడు. రెండు లీటర్ల బాటిల్. మా బోరు నీళ్ళు. పక్కనున్నవాళ్ళు తమ నీళ్ళను ఆ తొట్టిలో గబగబా ఒంపేసి పోతున్నారు. నాకు చెయ్యి రాలేదు. వరసలోంచి పక్కకు జరిగి నిలబడి ఆ రెండు లీటర్లూ తాగేశాను. ఆ అబ్బాయి నన్ను చూస్తూ, తాతా మెల్లగా, తొందరేం లేదు అన్నాడు కన్నడంలో. ఆ పౌరుషానికి తగిన శాస్తి విమానంలో జరిగింది. కిటికీ పక్క సీటు, నడుముకు పట్టీ, లేవకూడదనే దీపం ఒక అరగంట ఆరలేదు.

విమానం ఎక్కకముందు, విమానాశ్రయం లోపలి అంగట్లో టీ రెండువందల డెబ్బై రూపాయలు. కదిరి బస్టాండులో పది రూపాయలకు ఇంతకంటే చిక్కటి టీ వస్తుంది. కొన్నానా అంటే కొన్నాను. ఇంత ఖరీదు టీ ఎట్లా ఉంటుందో తెలుసుకోకుండా పోతే అక్క అడిగినప్పుడు ఏం చెప్పాలి? వేడి నీళ్ళలో పొట్లం ముంచి ఇచ్చారు. చక్కెర మనమే కలుపుకోవాలి.

గాల్లో రెండు గంటల ఇరవై నిమిషాలు

నా పక్కన కూర్చున్నాయన అహ్మదాబాదులో చీరల అంగడి పెట్టుకున్న వ్యాపారి. నెలకోసారి ధర్మవరం వచ్చి పట్టుచీరలు కొనుక్కుపోతాడట. ధర్మవరం అనేసరికి మా ఇద్దరికీ చుట్టరికం కలిసినట్టయింది. నా హిందీ కదిరి ముసల్మానుల దగ్గర బస్సులో నేర్చుకున్నది. అందులో వద్దనడానికి నక్కో, ఎందుకనడానికి కైకూ తప్ప పెద్దగా వ్యాకరణం ఉండదు. ఆయనకు సరదాగా ఉండి మాటిమాటికీ నవ్వాడు, కానీ అన్నీ అర్థం చేసుకున్నాడు.

పైకి లేచిన కాసేపటికి కిటికీలోంచి కిందికి చూశాను. ఎర్రటి నేల, బోడి గుట్టలు, పగుళ్ళిచ్చిన చెరువులు. పావగడ దిక్కున అనుకుంటాను, ఒకచోట మాత్రం నీలంగా తళతళా మెరుస్తూ పెద్ద చెరువు కనిపించింది. అంత నీరు ఆ దిక్కున నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. సంతోషం పట్టలేక వ్యాపారి భుజం తట్టి, చూడండి, చెరువు నిండింది అన్నాను. ఆయన వంగి చూసి, అవి నీళ్ళు కాదు భాయ్, సోలారు పలకలు అన్నాడు.

నేను మళ్ళీ కిటికీ వైపుకు తిరిగిపోయాను. పలకల మీద నాకు పగేం లేదు. మా ఇంట్లో ఫ్యాను తిరిగేది కూడా ఆ కరెంటుతోనేమో. కానీ అక్క చేను కూడా పైనుంచి చూస్తే ఇట్లా మెరుస్తుందని, పైనుంచి పోయేవాడెవడో చెరువు నిండిందని సంబరపడతాడని తలచుకుంటే నోరు చేదయింది. ఎందుకట్లా అయిపోయారని వ్యాపారి అడిగితే ఖర్జూరం సంగతి చెప్పాను. పోతుచెట్ల సంగతి మాత్రం వేరుకుళ్ళనే చెప్పాను. ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా అబద్ధమే చెప్పానని తర్వాత సిగ్గేసింది.

భుజ్ బస్సు

అహ్మదాబాదును నేను చూసింది బస్టాండు దాకానే. అక్కడి నుంచి భుజ్‌కు ఏడు గంటల బస్సు. గాల్లో పన్నెండు వందల కిలోమీటర్లకు పట్టినదానికి మూడింతల కాలం, నేల మీద మూడు వందల ముప్పైకి పట్టింది. నాకు మాత్రం ఇదే సుఖంగా ఉంది. కిటికీ తెరుచుకుంటుంది, ఎక్కడ కావాలంటే అక్కడ జనం చేయి అడ్డం పెడతారు, కండక్టరు విసుక్కుంటూనే ఎక్కించుకుంటాడు.

నేనూ కండక్టరునే అని చెప్పుకుంటే ఆయన ముఖం వెలిగింది. వేయించిన చెనిక్కాయలు గుప్పెడు నా చేతిలో పోశాడు, ఆ వెంటనే టికెట్టు కూడా కొట్టి ఇచ్చాడు. మా వృత్తిలో ఆ మర్యాద అట్లాగే ఉండాలి. దారిలో ఒక ఊళ్ళో కాలేజీ ఆడపిల్లలు ఇరవై మంది దాకా ఎక్కి, పాసులు చూపించి లోపలికి నడిచారు. నా చేయి అలవాటు కొద్దీ నడుము దగ్గర సంచి కోసం పోయింది. పాసువాళ్ళు ఎక్కితే విసుక్కునే కండక్టర్లు ఉంటారు, రోజువారీ కలెక్షన్‌లో వాళ్ళు కనపడరు కాబట్టి. నేనెప్పుడూ విసుక్కోలేదు. ఆ మాటే ఆయనతో అంటే, అవును, వాళ్ళూ బస్సువాళ్ళే కదా అన్నాడు.

మధ్యలో ఆపినచోట దాబేలీ అని తిన్నాను. బన్ను లోపల కారం కూర్చిన ఆలుగడ్డ, దాని మీద చెనిక్కాయ గింజలు, దానిమ్మ గింజలు. ఇరవై ఐదు రూపాయలు. మా వైపు కూరలో తీపి తగిలితే వంట చెడిందంటారు, అక్కడ తీపి తగలకపోతే చెడిందంటారు. రెండోది కూడా అడిగి తిన్నాను. కిటికీ బయట తుమ్మచెట్లు, ఉప్పు పూసిన నేల, మేకల మందలు, అక్కడక్కడా ఒంటె. ఒంటెల్ని తీసేస్తే కదిరి నుంచి రాయచోటి పోయే దారిలో ఉన్నట్టే ఉంది.

కాంజీభాయి వాకిలి

రాత్రి భుజ్‌లో గడిపి, గురువారం పొద్దున ఎనిమిదింటికి ముంద్రా దగ్గర ఆ పల్లెకు చేరాను. కాంజీభాయికి డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, తెల్ల తలపాగా చుట్టుకుని ఉన్నాడు. నేను పోయేసరికి చేతిలో బకెట్టుతో ఉన్నాడు. మంచినీళ్ళు ఇచ్చి, కొంచెం కూర్చో, వీడికి పోసి వస్తాను అని వాకిట్లో ఉన్న లావుపాటి చెట్టు మొదట్లో నీళ్ళు పోశాడు. ఆ తర్వాతే మోటారు వేసి తోటకు నీళ్ళు వదిలాడు. ఆ చెట్టుకు కాయల గెలల గుర్తు ఒక్కటీ లేదు. పైన మట్టల మధ్య తెల్లగా విచ్చుకున్న పూలు మాత్రం గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

అది పోతుచెట్టు. రోజూ మొదటి బకెట్టు దానికే పోస్తారట. ఆయన భార్య జీవీబెన్ రొట్టెలు కాలుస్తూ లోపలి నుంచే నవ్వుతూ చెప్పింది: "వీడు మా ఇల్లరికపు అల్లుడు. పనీ పాటా ఉండదు, అయినా మొదటి వడ్డన వాడికే."

ఆమె పెట్టింది సజ్జరొట్టె, పక్కన బెల్లం, వెల్లుల్లి కారం, పెద్ద గ్లాసు నిండా మజ్జిగ. మా రాగిసంగటిలో ఊరిబిండి పచ్చడి నంజుకుని తిన్నంత నిండుగా ఉంది. ఇంకొకటి, ఇంకొకటి అని వేస్తూనే ఉంది. చాలమ్మా అంటే మా వైపు ఆడవాళ్ళు ఎట్లా వినరో ఆమె కూడా అట్లాగే వినలేదు. కానీ నాకు ఆ బకెట్టే కళ్ళలో తిరుగుతోంది.

తిన్నాక కాంజీభాయి మెల్లగా అడిగాడు, మీ మగచెట్లు ఏమయ్యాయి అని. వేరుకుళ్ళు అనడానికి నోరు తెరిచాను. రెండేళ్ళుగా చెబుతున్న మాట, అలవాటైపోయిన మాట. చెట్టు మొదట్లో నీళ్ళు ఇంకా ఇంకుతూ ఉన్నాయి. ఆ తడి చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. నీళ్ళు చాల్లేదు, కాయవు కదా అని నేనే కట్టేశాను అని చెప్పాను. మా అక్కకు కూడా తెలియదన్నాను.

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "మా నాన్న కూడా ఒక కరువులో ఇదే పని చేశాడు," అన్నాడు. "నీళ్ళు లేని ఊళ్ళో పుట్టినవాడే ఇట్లాంటి తప్పు చేస్తాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఊరూరా తిరిగి పొడి అడిగి తెచ్చుకున్నాడు. ఇచ్చినవాళ్ళు ఒక్కరూ వెల అడగలేదు. అందుకే ఈ ఇంట్లో మొదటి నీళ్ళు వీడికి. పొడికి వెల లేదు."

నేను జేబులోంచి తీయబోయిన డబ్బు అట్లాగే లోపలికి పోయింది. మీరూ ఎవరడిగినా ఊరికే ఇవ్వాలి, అదొక్కటే అన్నాడు. ఇవ్వడానికి మాకు చెట్టేది అన్నాను. అప్పుడాయన నా వైపు తిరిగి, చచ్చాయని ఎట్లా తెలుసు, పెకలించారా అని అడిగాడు. లేదు, ఎండిన మట్టలు చూసి వదిలేశాం, కంచెకు ఆసరాగా ఉన్నాయి అన్నాను. ఖర్జూరం అంత తొందరగా చావదు, నడిమధ్య మట్ట పట్టుకుని లాగి చూడాలి, చేతికి ఊడి వస్తే పోయినట్టు, రాకపోతే లోపల ప్రాణం ఉన్నట్టు అన్నాడు.

లాగి చూడాల్సింది అక్క. ఆమెకు చెప్పాలంటే సంగతంతా చెప్పాలి. ఆ వాకిట్లో అటూ ఇటూ ఒక పది సార్లు తిరిగి ఉంటాను. ఇంటికి పోయాక చెప్పొచ్చు కదా అని కూడా అనిపించింది. కానీ ఎదురుగా నిలబడి అయితే ఇంకో అబద్ధం చెబుతానని నాకు నా సంగతి తెలుసు. ఫోను చేశాను.

"అక్కా, వేరుకుళ్ళు కాదు. నీళ్ళు నేనే కట్టేసినా."

అవతల ఆమె మేకల మెడగంటలు వినిపిస్తున్నాయి.

"కాయవు గదా అనుకుంటిని. టికెట్టు లేనోళ్ళను దించినట్టు దించేసినా."

"ఇప్పుడేం చేయమంటావో చెప్పు," అంది.

నడిమి మట్ట సంగతి చెప్పాను. ఫోను పెట్టేసింది. ఆ అరగంట ఎంత పొడుగో చెప్పలేను. కాంజీభాయి నిచ్చెన వేసుకుని పూలగుత్తులు కోస్తూ, పట్టుకో అని కింద ఉన్న నాకు గుడ్డ అందించాడు. పట్టుకున్నాను కానీ చూపంతా ఫోను మీదే. అది మోగింది.

"నాలుగు చేతికొచ్చినాయి. రెండు రాలా," అంది అక్క. "మేకల తొట్టి పక్కన ఉండేటివి. తొట్టి కడిగిన నీళ్ళు నేను రోజూ ఆడనే పారబోస్తాండా. రెండు చేతులతో లాగినా రాలేదు నర్సింహా. లోపల పచ్చగా ఉండాది."

అంతే, మళ్ళీ పెట్టేసింది. నేను గుడ్డ చివర పట్టుకుని అట్లాగే నిలబడి ఏడ్చాను. జీవీబెన్ వచ్చి మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి పోయింది.

సాయంత్రం దాకా కాంజీభాయి నాకు పని నేర్పించాడు. మగపూల రెమ్మలు మూడు నాలుగు తీసుకుని తలకిందులుగా ఆడ పూగెల మధ్యలో దూర్చి, ఆకు చీలికతో వదులుగా కట్టాలి. బిగించి కడితే గాలాడక కుళ్ళుతుంది. ప్లాస్టిక్కు సంచిలో పెడితే చెమట పట్టి బూజు పడుతుందని రెమ్మల్ని కాగితంలో చుట్టి గుడ్డ సంచిలో పెట్టాడు. రాలిన పొడిని వేరే పొట్లాలు కట్టాడు. గోధుమపిండి రంగులో, పచ్చి వాసనతో ఉంది. నేను తీసుకుపోయిన కదిరి చెనిక్కాయల మూట మాత్రం జీవీబెన్ వద్దనకుండా తీసుకుంది.

యంత్రం ముందు

శుక్రవారం తిరుగు ప్రయాణంలో పని చెడగొట్టుకోబోయింది కూడా నేనే. అహ్మదాబాదులో సంచి యంత్రంలో పెట్టమంటే పెట్టనన్నాను. లోపల ఏవో కిరణాలుంటాయని విన్నాను. పుప్పొడి చచ్చిపోతే? చేతిలో పట్టుకుని పక్క నుంచి నడిచి వస్తాను, కావాలంటే విప్పి చూసుకోండి అన్నాను. సంచిలో పొట్లాలు, పొట్లాల్లో పొడి, ముసలాయన యంత్రంలో పెట్టనంటున్నాడు. వాళ్ళు మాత్రం ఏమనుకోవాలి? నన్ను పక్కకు నిలబెట్టారు. నా వెనక వరసంతా నన్ను దాటి పోయింది. గోడ మీద గడియారం చూసేకొద్దీ నా కదిరి హిందీ కూడా మరిచిపోయాను.

ఒక ఆడ అధికారి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. పొట్లం విప్పి చూసింది, వాసన చూసింది. తర్వాత కాగితం చుట్ట విప్పి రెమ్మలు చూడగానే ముఖం మారింది. ఖజూరా అని అడిగింది. వాళ్ళది రాజస్థాన్‌లో బాడ్‌మేర్ దిక్కట, వాళ్ళ మేనమామ కూడా ఈమధ్యే నాటాడట. ఈ యంత్రంలో రోజూ జనం అన్నం క్యారేజీలు పోతాయి, తిన్నవాళ్ళకేం కాలేదు, నీ పొడికీ ఏం కాదు, నా మాట మీద పెట్టు తాతా అంది. పెట్టాను. సంచి అటు నుంచి బయటికొచ్చేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

ఆ రెండు గంటల ఇరవై నిమిషాలూ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నిద్రపోలేదు, టీ తాగలేదు. కింద ఏం మెరుస్తుందో కూడా చూడలేదు.

చేను

శనివారం పొద్దున ఆరింటికి చేనులో ఉన్నాను. అక్క అప్పటికే అక్కడుంది. తిడుతుందేమో, అసలు మాట్లాడదేమో అని దారంతా అనుకుంటూ వచ్చాను. "సంచి ఇట్లియ్యి," అంది, అంతే. కాంజీభాయి చెప్పినట్టు రెమ్మలు దూర్చి చూపిస్తే, రెండో చెట్టుకల్లా ఆమె చెయ్యి నాకంటే జోరుగా నడిచింది. మా చెట్లింకా పొట్టివి, నిచ్చెన అక్కర్లేదు. ముందే పగిలిన తొమ్మిది చెట్ల గెలలు ఆ పాటికే గోధుమరంగుకు తిరిగాయి. వాటికీ కట్టాం, ఆశ కొద్దీ. ఆ తర్వాత వారం రోజులు, దొప్ప పగిలిన గెలకల్లా పగిలిన రోజే పెడుతూ వచ్చాం.

పని చేస్తుండగా నేను ఆమెకు విమానం సంగతులు చెప్పాను. నీళ్ళు పారబోయమన్న సంగతి చెబితే చేయి ఆపి నా వైపు చూసింది. రెండు లీటర్లూ తాగేశానంటే మొదటిసారి నవ్వింది. టీ ధర చెబితే మాత్రం నవ్వలేదు. నా చేతిలో దుడ్లు పెట్టకూడదని మా ఇంటావిడకు చెబుతానంది.

ముందు పగిలిన తొమ్మిది చెట్లూ నిలవలేదు. మిగిలిన వాటికి నిలిచింది. మార్చి మధ్యకు గెలల నిండా మిరియాలంత, ఆ తర్వాత శెనగగింజంత ఆకుపచ్చ పిందెలు. నేను ఫోటో తీసి కాంజీభాయికి పంపితే, వాళ్ళ అల్లుడి ఫోటో తీసి నాకు పంపాడు, కింద బకెట్టుతో సహా.

ఉగాదికి రెండు రోజుల ముందు సోలారు వాళ్ళ మనిషి మోటారుసైకిల్ మీద వచ్చాడు. మర్యాదస్తుడే. అక్క అతనికి కుర్చీ వేసి, మజ్జిగిచ్చి, తర్వాత వెంటబెట్టుకుని పోయి చెట్టు దగ్గర నిలబెట్టింది. గెల కొస చేతిలోకి తీసుకుని చూపించింది. అతను చాలాసేపు చూసి, బాగా పట్టిందమ్మా అన్నాడు. ఆ కాగితం బియ్యం డబ్బా మీది నుంచి తెచ్చి అతనికే ఇచ్చేసింది. "కాయ పండినప్పుడు రా నాయనా, కేజీ ఇస్తా," అంది.

అతను పోయాక నేను మోటారు వేసి పెద్ద వాల్వు వైపు నడవబోయాను. అక్క పిలిచింది. కంచె వారన, మేకల తొట్టి పక్కనున్న ఆ రెండు చెట్ల దగ్గర నిలబడి ఉంది. గెలల పనిలో పడి ఇన్నాళ్ళూ నేను ఆ వైపే పోలేదు. ఎండిన మట్టలన్నీ ఆమె ఎప్పుడు కోసిందో, నడిమధ్య జానెడు పచ్చటి ఈనె నిటారుగా లేచి ఉంది.

"టికెట్టు లేదని దించేసినా అంటివే," అంది. "ఇవి పాసులోళ్ళు రా. అడక్కుండా దించేసినావు."

ముప్పై రెండేళ్ళ సర్వీసులో నా మీద అట్లాంటి ఫిర్యాదు ఒక్కటి కూడా రాలేదు. ఇదే మొదటిది. వంగి ఆ చిన్న వాల్వు తిప్పాను. రెండేళ్ళుగా కదలక బిగుసుకుపోయి, రెండు చేతులూ పెడితే గానీ తిరగలేదు. పైపులో మొదట గాలి బుసబుసమని వచ్చింది, తర్వాత ఎర్రటి బురద, ఆ తర్వాత నీళ్ళు. మొదళ్ళు తడిసేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

అక్క ఇంటి గడప నుంచి ఆ వాల్వుకు అరవై అడుగులు ఉంటుంది. రోజూ పొద్దున మొదట అక్కడికే పోతున్నాను.